గోటికి తగిలిన చోటు

ఆయిల్ వడకట్టిన తెల్లగుడ్డను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పళ్ల డాక్టరు తీరిగ్గా చూశాడు. ఇత్తడి పొడి సన్నగా మెరిసింది. ఇనుప రవ్వ ఒక్కటీ లేదు. కాస్త అజీర్తి ఉంది గానీ జ్వరం లేదనుకుని గుడ్డను పక్కన పెట్టాడు.

ఆయన చూసేది మనుషుల పళ్లు కాదు, గేర్ల పళ్లు. పాత కార్ల గేర్‌బాక్సులు విప్పి, ఎక్కడ ఎంత అరిగిందో, ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పడం ఆయన పని. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

ఇవాళ బల్లెక్కింది ఓ పాతకాలపు స్పోర్ట్సు కారు గేర్‌బాక్సు. అలాంటివి తయారు చేయడం ఏనాడో మానేశారు కాబట్టి, వాడినదాన్నే వెతికి పట్టుకొచ్చారు. ఆ కారున్న సంగీతం మాస్టారు దాన్ని బిగించుకుని కొండదారిలో కూతురి ఊరికి వెళ్లాలని ముచ్చటపడుతున్నాడు. డాక్టరు సరేనంటే చాలు, తర్వాత ఇంకెవరూ విప్పి చూడరు. ఆయన పనిచేసే రిపేరు షాపులో పద్ధతే అంత.

బేరింగులను చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. గుసగుస తప్ప గొణుగుడు లేదు. గేర్లను జరిపే ఫోర్కు మాత్రం ఒకవైపే అరిగి ఉంది. ముందు నడిపినవాడికి గేర్ రాడ్డు మీద చెయ్యి వేసుకుని కూర్చునే అలవాటన్నమాట. "పోనీలే, చెయ్యి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా" అని ఆ ముక్కూమొహం తెలియని మనిషిని అక్కడికక్కడే క్షమించేశాడు.

ఇక మిగిలింది పళ్లు. ముందే లైటు వేసి చూడడం ఆయనకు గిట్టదు. కళ్లు మూసుకుని, కుడి బొటనవేలి గోరును ప్రతి పంటి మీదా మెల్లగా పోనిస్తాడు. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడే లైటు. ఆ ఒక్క గోరునూ కత్తిరించకుండా కాపాడుకుంటాడు.

మొదటి గేరు బాగుంది. మూడు, నాలుగు బాగున్నాయి. రెండోది కూడా బాగున్నట్టే ఉంది. ఆ 'ఉన్నట్టే' దగ్గరే ఆయన ఆగిపోయి, మళ్లీ మొదటి పంటి నుంచి మొదలుపెట్టాడు.

కొన్నాళ్లుగా వేళ్లు మొద్దుబారుతున్నాయి. టీ గ్లాసు వేడిగా ఉందో చల్లారిందో నోట్లో పోసుకుంటే గానీ తెలియడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అబద్ధమాడలేదు, అడిగినవాళ్లు లేరంతే. ఇప్పుడు గేరు నున్నగా ఉందా, లేక తన వేలే నున్నబడిందా?

"ఏం బాబాయ్, మాస్టారికి ఫోన్ చేసెయ్యనా?" అన్నాడు షాపు యజమాని గుమ్మంలోంచే.

"ఆగరా, ఇంకా నోరు తెరిపించి చూస్తున్నా."

అన్నం క్యారేజీతో భార్య వచ్చేసరికి ఆయన రెండో గేరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "చంటిపిల్లేం కాదుగా, దించండి, అన్నం చల్లారిపోతుంది" అందామె.

ఆయన గేరును శుభ్రంగా తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఒక్కసారి దీని మీద గోరు పోనివ్వు."

"నాకేం తెలుసనీ?"

"తెలియక్కర్లేదు. ఏదైనా తగిలితే చెప్పు."

ఆమె ఆయన మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా, బియ్యంలో రాళ్లు ఏరే మనిషిలా ఓపిగ్గా ఒక్కో పన్నూ తడిమింది. సగం పైగా తిరిగాక చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ పోనిచ్చింది. "ఇదిగో, ఇక్కడ పట్టుకుంటోంది."

"అక్కడ గుర్తు పెట్టు" అని సుద్దముక్క అందించి, లైటు దగ్గరికి లాగాడు. పంటి మొదట్లో వెంట్రుకంత పగులు. తను పొద్దుటినుంచి ఎన్నోసార్లు దాటిపోయిన పన్నే అది. కొండ దిగేటప్పుడు బండిని పట్టి ఉంచాల్సింది ఈ గేరే. మాస్టారు వెళ్లబోయేది ఆ కొండదారినే.

"నా వేలికి తెలియడం లేదే" అన్నాడు.

"నాకు తెలుసు. చొక్కా గుండీలు ఎన్నాళ్లుగా నేను పెడుతున్నాననుకున్నారు?"

"ప్రేమనుకున్నా."

"ముసలాయనకు ఆశ చూడు!" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. "మీరే చెప్తారని చూస్తున్నా. ఇన్నాళ్లకు చెప్పారు, అదే చాలు."

ఇద్దరూ అక్కడే అన్నం తిన్నారు. చాలారోజుల తర్వాత ఆయనకు అన్నం రుచిగా తగిలింది. చేతులు కడుక్కుని యజమాని దగ్గరికెళ్లాడు.

"రెండో గేరు పగిలిందిరా. అదొక్కటీ మంచిది దొరికితే మిగతాదంతా దివ్యంగా ఉంది. కనిపెట్టింది నేను కాదు, మీ పిన్ని."

యజమాని వేళాకోళమనుకుని నవ్వబోయి ఆగిపోయాడు.

"నా చేతికి స్పర్శ పోతోంది. ఇక నా మాట మీద బళ్లు పంపకు."

యజమాని పక్కనున్న కుర్చీని ఆయన వైపు లాగాడు. "రేపు ఊరికే వచ్చి కూర్చో బాబాయ్" అన్నాడు.

"రేపు రాను. వస్తే చెయ్యి ఊరుకోదు."

ఇన్నేళ్ల పని వదిలి బయటికొస్తుంటే ఏడుపొస్తుందని భయపడ్డాడు గానీ, రాలేదు. మాస్టారు క్షేమంగా ఉంటాడు, తనూ ఎవరి దగ్గరా ఏదీ దాచక్కర్లేదు. మనసు హాయిగా ఉంది. రోడ్డు దాటుతుంటే ఆమె తన చెయ్యి పట్టుకున్న సంగతి ఆయన కిందికి చూసి తెలుసుకున్నాడు. మరి వదల్లేదు.

బల్ల మీద రెండో గేరు ఉండిపోయింది, ఒక పంటి పక్కన సుద్దగీతతో. అలవాటు లేని చేతి గీత, కాస్త వంకరగా.