మూసిన నోటి కొలత

“నోరు మూయండమ్మా” అన్నానో లేదో, రత్తమ్మ చిగుళ్ళ మీది మైనం దిమ్మల్ని కసుక్కున కొరికింది. గడ్డం ముందుకొచ్చింది, మెడ నరాలు తేలాయి. నా మీద నాకే విసుగొచ్చింది. ఆ మాటకి ఆడదాని దవడ ఇంకెలా మూసుకుంటుంది?

కట్టుడు పళ్ళకి ఈ కొలతే ప్రాణం. ఎత్తయితే మాట్లాడుతుంటే టకటకమంటాయి, తగ్గితే మూతి లోపలికి పోతుంది. మనిషి మాట్లాడి ఆగినప్పుడు దవడ తనంతట తాను ఎక్కడ నిలుస్తుందో చూడాలి. అప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తగలవు, మధ్య కాస్త సందుంటుంది. ఓపిక పని. అందుకే జగ్గయ్యపేట క్లినిక్‌లో ఈ పని నాకొదిలేసి, మా ఆయన ఫ్రాన్సిస్ నందిగామలో కొత్త క్లినిక్ పెట్టాడు. ఇద్దరం పళ్ళ డాక్టర్లమే. వంట చేసి, ఆయనకి క్యారేజీ కట్టి, ఇక్కడికొచ్చి పళ్ళ అచ్చులు పోసేటప్పుడు గచ్చు మీద పడ్డ ప్లాస్టరు గీకేది మాత్రం నేనే. “నువ్వెలాగూ అక్కడే ఉంటావుగా” అంటాడు. “నువ్వు పళ్ళు నూరుతుంటే నిద్ర పట్టట్లేదు జాయిస్” అని పోయినేడు పక్క గదిలోకి మారాడు. ఎందుకు నూరుతున్నావని అడగలేదు. పళ్ళ డాక్టరే కదా! అత్తయ్యతో చెప్పుకోబోతే, “ఆడదానికి నోరు అదుపులో ఉంటే కాపురం అదుపులో ఉంటుందమ్మా” అంది. నా దవడ పళ్ళు నున్నగా అరిగిపోయాయి. ఊరందరి నోళ్ళూ చూస్తాను, నా నోట్లోకి చూసేవాళ్ళే లేరు.

“మూయొద్దులెండి. ఏదన్నా మాట్లాడండి,” అన్నాను రత్తమ్మతో.

“నేనా? నాకేం మాటలుంటాయ్ డాక్టరమ్మా!” కాసేపు నసిగింది. “చర్చిలో సాక్ష్యం చెప్తుంటే పాత సెట్టు ఊడి కింద పడింది. అందరూ పకపకా నవ్వారు. అప్పట్నుంచి మళ్ళీ లేవలా. దేవుడు చేసిన మేళ్ళన్నీ నాలోనే ఉండిపోయాయ్. ఈసారన్నా చెప్పుకోనియ్యి తల్లీ.”

చెబుతుంటే ఆవిడ దవడ వదులైంది. స్కేలు తీశాను. అంతలో నందిగామ బయల్దేరిన ఫ్రాన్సిస్ తలుపు తోసి తొంగిచూశాడు.

“ఇంకా అవ్వలేదా? కొరికించి ల్యాబుకి పంపించెయ్. ఈ వయసులో నమిలితే చాల్లే, మాటలెందుకు ఆవిడకి?”

రత్తమ్మ నోరు టక్కున మూసుకుంది. నా దవడా బిగిసింది. భయమేసింది, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు నేనూరుకుంటే ఈవిడ చర్చిలో ఇంక లేవదు.

“మీరు కాస్త నోరు మూసుకోండి,” అన్నాను ఆయనతో. “ఆవిడ మాట్లాడుతోంది.”

తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఇవాళ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడిందెప్పుడు గనక!

“ఊఁ, తర్వాత?” అన్నాను. రత్తమ్మ మెల్లగా మొదలుపెట్టింది. స్కేలు పట్టుకుని ఆవిడ మాట ఆగేదాకా ఎదురుచూస్తుంటే తెలిసింది, నా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య కాస్త సందుంది.