ఫ్రీజర్ మీది ఆకుపచ్చ ప్యాకెట్

చియాయీ ఊళ్లో కాలేజీ గేటు ముందు నేను సోయాపాలు అమ్ముతాను. నా సోయాపాలు తాగిన లెక్కల మాస్టారికి పరీక్షలయ్యేలోపు బట్టతల మీద జుట్టు మొలిచింది. నమ్మకపోతే మీ ఇష్టం. కానీ ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సొలొంగో అని మంగోలియా పిల్ల ఒకతి మా కాలేజీలో రొయ్యల మీద ఏదో చదువుతోంది. రోజూ వస్తూనే "పిన్నీ, చక్కెర ఎక్కువ!" అని అరిచేది. ఆ పొద్దున గిన్నె కూడా పట్టుకోలేకపోయింది. పాలన్నీ బల్ల మీద ఒలికాయి.

"పిన్నీ, నన్ను మా దేశం పంపించేస్తారు."

"ఎవరే?"

"మా ప్రొఫెసర్ మేడమ్. ల్యాబులో పెద్ద ఫ్రీజర్ పొద్దుట్నించి మొత్తుకుంటోంది. ఎర్ర దీపం వెలుగుతోంది. మా సీనియర్ శూ అన్నయ్య ఏళ్ల తరబడి పోగేసిన రొయ్యలన్నీ అందులోనే ఉన్నాయి. అవి కరిగిపోతే ఆయనకి పట్టా రాదు."

"ఫ్రీజర్ పాడైతే నిన్నెందుకు పంపిస్తారే?"

"నిన్న సాయంత్రం బాగా ఆకలేసింది. దాని మీద ఆకుపచ్చ ప్యాకెట్ ఉంది, మొక్కజొన్న గుల్లలు. మా వైపు ఎవరింటికెళ్లినా ఎదురుగా పెట్టింది తినకపోతే తప్పు. అందరి కోసం పెట్టారనుకుని తినేశా. ఇందాక వాచ్‌మన్ తాతకి చెబితే 'ఓరి దేవుడోయ్' అని అటు నుంచి అటే పారిపోయాడు."

నా చేతిలోంచి గరిటె జారిపోయింది.

మా వాళ్లలో ఆ ప్యాకెట్ పెట్టకుండా యంత్రం నడిపే మొనగాడు ఇంకా పుట్టలేదు. దాని పేరుకు అర్థమే 'బుద్ధిగా ఉండు' అని; అది ఉంటేనే యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. ఆకుపచ్చదే ఉండాలి, గడువు దాటకూడదు, దాన్ని తినడమన్న మాటే ఉండకూడదు.

"తినేశావా తల్లీ!"

"ఏమవుతుంది పిన్నీ?"

నోరు మూసుకోవాల్సింది. నా నోరు ఎప్పుడు ఊరుకుంది గనుక! "మా మరిది చేపల గోదాములో ఒకడు తిన్నాడు. తెల్లారేసరికి గడ్డకట్టిన చేపలన్నీ లేచి కూర్చుని లోపలి నుంచి తలుపు బాదాయి."

పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. కొట్టు మూసేసి ఎదురు అంగడికి పరిగెత్తాం.

"ఆకుపచ్చవి లేవక్కా. పరీక్షలు కదా, పిల్లలు కంప్యూటర్ల మీద పెట్టుకోడానికి ఊడ్చేశారు. పసుపువి ఇమ్మంటావా?"

"పసుపా! ఎవరి కొంప ముంచుదామని?"

ఇక గతిలేక నా రుబ్బుడు యంత్రం మీదున్న ప్యాకెట్టే తీశాను. "కాస్త ఓర్చుకోవే, సాయంత్రానికి కొత్తది తెస్తా" అని దానికి చెప్పుకుని బయల్దేరాను.

మెట్లెక్కుతుంటేనే కీ... కీ... మని ఆ అరుపు వినిపించింది. ల్యాబులో శూ తల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇక్కడున్న ప్యాకెట్ ఏమైంది?"

వెనక దాచుకున్న ప్యాకెట్‌ను చూపిద్దామనుకుని, మాట్లాడకే అని సొలొంగోను గిల్లాను. అయినా ఆగలేదు.

"నేను తిన్నాను అన్నయ్యా."

అంత చదువుకున్నవాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. "తిన్నావా? మొత్తం?"

"మొత్తం."

ఆ మాట వింటూనే ప్రొఫెసర్ లియావ్ లోపలికి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా ఫ్రీజర్ తలుపు అంచు వెంట వేలు పెట్టి చూసింది. అక్కడ మంచు గడ్డలు గడ్డలుగా పేరుకుంది.

"ప్యాకెట్ ఎలా అందుకున్నావు?"

"తలుపు పట్టుకుని పైకెక్కాను మేడమ్."

"అప్పుడే గడియ వదులైంది. రాత్రంతా తలుపు కొద్దిగా తెరిచే ఉంది."

అందరం కలిసి రొయ్యల పెట్టెలను పక్క ల్యాబుకు మోశాం. ఆఖరి పెట్టెను శూ తెరుస్తుంటే అందరం చుట్టూ మూగాం. ఒక రొయ్యను పట్టుకుని బల్లకేసి కొట్టాడు. టక్కుమంది.

"గట్టిగానే ఉన్నాయి మేడమ్. ఈ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే పోయేవి."

సొలొంగో తలెత్తలేదు. "నేను సామాను సర్దుకోనా మేడమ్?"

"సామాను సంగతి తర్వాత. ముందు ఆ ఫ్రీజర్‌కి క్షమాపణ చెప్పు."

మేడమ్ నవ్వలేదు. నేను తెచ్చిన ప్యాకెట్‌ను తనే పైన పెట్టి, తలుపు గట్టిగా నొక్కి బిగించింది. సొలొంగో రెండు చేతులూ చాపి, తన భాషలో ఏదో చెబుతూ నడుం దాకా వంగింది. ఫ్రీజర్ ఒకసారి ముక్కు ఎగబీల్చి ఊరుకుంది. ఈ చెవులతో విన్నాను!

"రేపు క్లాసుకి ఆలస్యంగా రాకు" అని మేడమ్ వెళ్లిపోయింది.

ఆ మాటంటే తనను పంపించేయరని తెలియడానికి పిల్లకు కాసేపు పట్టింది. అప్పుడు ఏడ్చింది. శూ తన అన్నం డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఆకలేస్తే నన్నడుగు చెల్లాయ్. ఆ ఫ్రీజర్‌ను మాత్రం అడక్కు."

తల ఊపింది గానీ, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఫ్రీజర్ వైపు మూడుసార్లు చూసింది.