సొరపాదు ప్రొఫెసరు

విశ్వవిద్యాలయంలో అందరూ ఆయన్ని సొరపాదు ప్రొఫెసరు అనేవారు. ఆయన ఎదురుగా కాదు లెండి.

హీబ్రూ లేఖనాల్లో ఒక కథ ఉంది. చేప కడుపులోంచి బయటపడ్డ ప్రవక్త ఒకాయన ఊరి బయట ఎండలో అలిగి కూర్చుంటే, దేవుడు ఆయన తలమీదికి ఒక మొక్కను ఎదిగించి నీడ ఇచ్చాడు. మర్నాడే ఒక పురుగును పంపి ఆ మొక్కను ఎండబెట్టాడు. ఆ మొక్క పేరు లేఖనాల్లో ఇంకెక్కడా కనిపించదు. అది సొరపాదని కొందరు, ఆముదం మొక్కని కొందరు వందల ఏళ్లుగా వాదులాడుకుంటున్నారు. మన ప్రొఫెసరుది సొరపాదు పక్షం. ఇరవై రెండేళ్లలో ఆయన రాసిన మూడు పుస్తకాలూ ఆ పాదు చుట్టూ అల్లుకున్నవే.

ఆయన మరదలు, అంటే భార్యకు స్వయానా చెల్లెలు, అదే విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పాత రాతప్రతులు బాగుచేసేది. ప్రతుల్లో చిరిగిన ఆకులకు పల్చటి కాగితం, గోధుమపిండి జిగురు పెట్టి అతకడం ఆమె పని. బావగారు ఆమెను ‘జిగురు డాక్టరు’ అనేవాడు. అందులో ముద్దు ఎంతో, చులకన ఎంతో ఆమెకు తేలేది కాదు. పదిహేనేళ్లుగా ఆ ఆకులతోనే బతుకుతోంది కనుక, హీబ్రూ అక్షరాలతో రాసిన అరబ్బీని కూడబలుక్కుని చదవగలిగేది. ఆ సంగతి బావగారికి తెలుసు. తెలిసినా లెక్కలో వేసుకోలేదు.

ఆ ఏడు ఆయనకు వెయ్యేళ్ల నాటి యూదు వ్యాఖ్యాత అలాంటి అరబ్బీలో రాసిన ప్రతి తాలూకు ఆకు ఒకటి దొరికింది. అందులో ఆ మొక్క గురించే ఉంది: ‘దాని ఆకు వెడల్పు. దాని గింజలు...’ అక్కడ ప్రతి ఆకు చిరిగి, అరచేతిలో సగమంత ఖాళీ. ఆ ఖాళీని ప్రొఫెసరు ‘కాయలో కిక్కిరిసి ఉంటాయి’ అని పూరించాడు. కిక్కిరిసి ఉన్నాయంటే సొరకాయ కాక మరేమిటి? దానిమీద పెద్ద ప్రసంగం ఖాయమైంది.

ప్రసంగానికి మూడు వారాల ముందు, ‘పనికిరాని ముక్కలు’ అని రాసి ఉన్న పాత కవరు ఒకటి విప్పుతూ మరదలు ఆగిపోయింది. చిన్న ముక్క. మూడు వరుసలు. పట్టకారుతో తీసుకెళ్లి బావగారి ఆకు పక్కన పెట్టింది. పురుగు తొలిచిన అయిదు కన్నాలు ఇటు నుంచి అటు తాడు లాగినట్టు కలిశాయి. వరుస పూర్తయింది: ‘దాని గింజలు పిండితే నూనె. కడుపు శుద్ధికి వైద్యులు ఇస్తారు. సొరపాదు అనేవాడు తోట మొహం చూడనివాడు.’

ఆమె తలుపు మూసుకుని కడుపుబ్బ నవ్వింది.

కొత్త ముక్క దొరికితే ఆ ఆకు మీద పనిచేసేవారికి రాతపూర్వకంగా తెలపాలని నియమం. ఆమె నియమం తు.చ. తప్పలేదు. ఉత్తరం రాసి, గ్రంథాలయం అటెండరు చేత పంపి, అందినట్టు సంతకం తెప్పించుకుంది. బావగారు కవరు విప్పకుండానే సంతకం గీకి, బల్లమీద ఎడమవైపు దొంతరలో పడేశాడని అటెండరే చెప్పాడు.

మధ్యాహ్నం భోజనానికి ఆమె రోజూ అక్కగారింటికే వెళ్లేది. వంటింట్లో అక్కకు మొత్తం చెప్పేసింది.

“అయ్యో, చెప్పెయ్యవే పాపం!” అంది అక్క, కొంగుతో నవ్వు అదుముకుంటూ.

“చెప్పానుగా! సంతకం కూడా పెట్టారు.”

“నోటితో చెప్పవే.”

“నోటితో చెబితే వింటారా? పోయినేడు ఆకు తలకిందులుగా పెట్టారు బావగారూ అంటే, నువ్వు జిగురు సంగతి చూసుకో అన్నారు. గుర్తులేదా?”

అక్కకు గుర్తుంది.

భోజనాల బల్ల దగ్గర మరదలు అమాయకంగా అడిగింది. “బావగారూ, ఆఫీసుకొచ్చే ఉత్తరాలు చూస్తున్నారా?”

“మీ విభాగం పంపేవా? కాఫీ కప్పు రాతప్రతి పక్కన పెట్టకండి, వేలికి ఉమ్మి తడి చేసుకోకండి... ఆ సాహిత్యమంతా రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటాలే.”

“అవునవును. తొందరేముంది?”

అయితే ప్రసంగం రోజు పొద్దున్నే ఆమెకు గుండెలో కలుక్కుమంది. ఎంతైనా బావగారు. పరుగున అక్కగారింటికి వెళ్లి, గుమ్మంలోనే, “మీతో ఒక మాట చెప్పాలి, ఆ ఆకు గురించి,” అంది. ఆయన అద్దంలో టై సర్దుకుంటూ, “జిగురు కబుర్లు తర్వాతమ్మా,” అన్నాడు. ఆమెలో మిగిలిన జాలి కాస్తా అక్కడితో సరి. నేరుగా వెళ్లి, కొత్త ముక్క అతికిన ఆకును హాల్లో గాజుపెట్టెలో పెట్టి, చివరి వరుసలో కూర్చుంది.

ప్రసంగం జోరుగా సాగింది. ముందు వరుసలో గడియారాలు బాగుచేసే తాతగారు ఒకాయన ఉన్నాడు. యూదుల ప్రార్థనామందిరంలో లేఖనం చదివేది ఆయనే. ప్రొఫెసరు ‘కిక్కిరిసి’ అన్న చోట తాతగారు లేచి, గాజుపెట్టె మీదికి వంగి, గడియారాలు చూసే భూతద్దం కంటికి తగిలించుకున్నాడు.

“అయ్యా, ఒక్క మాట. ఇది మా అమ్మ మాట్లాడిన భాషే. ఇక్కడ పిండితే నూనె అనుంది కదా?”

ప్రొఫెసరు దిగి వచ్చి వంగాడు. ఆ వరుస రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి చివరి వరుస వైపు చూశాడు.

“ఏమిటిది?”

“మూడు వారాల కిందటే రాశానండీ. మీ బల్లమీద, ఎడమవైపు దొంతరలో ఉంది.”

హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరు నవ్వలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అయితే మిగతా ప్రసంగం మీదే. రండి.”

“నేనా? నాకేం తెలుసు, జిగురు తప్ప...”

“అదే చెప్పండి.”

ఆమె వేదిక ఎక్కింది. కన్నాల గురించి మొదలుపెట్టాక మాటలు వాటంతటవే వచ్చాయి. ఒకే పురుగు రెండు ముక్కలనూ ఎలా తొలిచిందో చూపిస్తుంటే తాతగారు అందుకున్నాడు.

“ప్రవక్తగారి పాదు పురుగువల్లే పోయింది. ప్రొఫెసరుగారి పాదూ పురుగువల్లే పోయింది!”

ఈసారి ప్రొఫెసరు కూడా ఆపుకోలేకపోయాడు. కానీ ఊరికే వదల్లేదు. ముందు వరుసలో విద్యార్థిలా కూర్చుని నలభై నిమిషాలపాటు ఆమెను ప్రశ్నలతో ఉతికేశాడు. సిరా ఒకటేనని రుజువేమిటి? వరుసల మధ్య ఎడం కొలిచారా? ఆమె చెమటలు కక్కుతూ, ఒక్కటి తప్ప అన్నిటికీ జవాబు చెప్పింది.

తర్వాత రెండు రోజులు ఆయన ఇంట్లో అలిగి కూర్చున్నాడు. మూడో రోజు ఆమె పనిగదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ పనికిరాని ముక్కల కవర్లు ఇంకా ఎన్నున్నాయి?”

“నూట పదకొండు.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నా రెండో పుస్తకం కూడా ఒక ఖాళీ మీదే నిలబడింది. ఇంకెవరో చూసేలోపు మనమే చూసేద్దాం. కాస్త నేర్పుతావా?”

ఆమె స్టూలు జరిపి కూర్చోబెట్టి, మొదటి కవరు విప్పింది.

“అంత గట్టిగా ఊపిరి వదలకండి బావగారూ, ముక్కలు ఎగిరిపోతాయి.”

ఆయన బుగ్గలు పూరించుకుని ఊపిరి బిగబట్టాడు.