పాట వెనక సాంచల చప్పుడు

సూరత్‌లోని డిండోలిలో తెలుగువాళ్ల కోసం పెట్టిన ప్రజా గ్రంథాలయంలో ఒక ఇనుప బీరువా నిండా పాత క్యాసెట్లున్నాయి. లాక్‌డౌన్ కాస్త సడలగానే కమిటీ కన్ను ఆ బీరువా మీద పడింది. శానిటైజర్ డబ్బాలకు చోటు చూపడమే ఈ విపత్తులో తన వంతు దేశసేవ అని అధ్యక్షుడు సోమలింగం నమ్మాడు.

వజ్రమ్మ ఎవరూ పిలవకుండానే కమిటీ మీటింగుకు వెళ్లింది. క్యాసెట్లలో చాలావరకు ఆమె బతుకమ్మ పాటలే. సూరత్‌లో పుట్టిన పిల్లలకు ఊరి పాటలు తెలియాలని, ఆమె వయసులో ఉన్నప్పుడు రికార్డు చేశారు. అప్పట్లో కరెంటు ఉన్నది సాంచల షెడ్డులోనే. పాట కోసం ఆ మరమగ్గాలు ఆపడానికి సేఠ్ ఒప్పుకోలేదు. ఆ చప్పుడు మీద గొంతు చించుకుని పాడింది. తర్వాత విని, తన పాట పాడైందని ఏడ్చి, మళ్లీ ఆ క్యాసెట్ల మొహం చూడలేదు. ఇప్పుడు ఇంకొకరు పారేస్తామంటే మాత్రం ప్రాణం విలవిల్లాడింది. ఆమె పాడే గొంతు పోయి చాలా కాలమైంది. అది మిగిలింది ఆ బీరువాలోనే.

కమిటీ అంతా సాంచలు నడిపినవాళ్లే. చెవులు ఆ షెడ్లలోనే పోయాయి. ఏళ్లుగా పెదవుల కదలిక చూసే మాట అర్థం చేసుకునేవాళ్లు. ఇప్పుడు అందరికీ మాస్కులు. ఒకరి మాట ఒకరికి తెలియక, అందరూ అన్నిటికీ తలూపారు. కమిటీలో ఇంత ఐకమత్యం మునుపెన్నడూ లేదు. క్యాసెట్లు చెత్తబండికి పోవడం ఖాయమైంది.

వజ్రమ్మ మాస్కు గడ్డం కిందికి లాగింది. "ఇనకుంటనే పారేస్తరా అన్నా? ఒక్కటన్నా ఇనుండ్రి."

గ్రంథాలయం చూసే సంపత్ ఒక క్యాసెట్ పెట్టాడు. సోమలింగం చప్పుడు పూర్తిగా పెంచమని సైగ చేశాడు. గది నిండా సాంచలు ఆడాయి.

లాక్‌డౌన్‌తో వీధిలో సాంచలు ఆగినప్పటినుంచి ఆ ముసలివాళ్లకు నిద్ర లేదు. నిశ్శబ్దం వాళ్లకు కొత్త జబ్బు. ఇప్పుడు భుజాలు సడలాయి. సోమలింగం వేళ్లు తెగిన పోగును ముడివేస్తున్నట్టు కదిలాయి. వాళ్లలో నిద్రమాత్రలకు కూడా లొంగని మొండయ్య కుర్చీలోనే గురక పెట్టాడు. ఆ మోతలో సన్నగా వినిపిస్తున్న ఆడగొంతును వెతుక్కుంటూ వజ్రమ్మ ఒక్కతే ముందుకు వంగి కూర్చుంది.

సోమలింగం మాస్కు దించాడు. "బంగారం లాంటి సామాన్ చెల్లె ఇది. పారేసుడేంది? ఇంటికొకటి ఇద్దాం. మాత్రల ఖర్చు తప్పుతది."

"మరి పాట ఎట్లున్నదే అన్నా?"

"అండ్ల పాట గూడ ఉన్నదా?"

సంపత్‌కు చెవులు బాగానే పనిచేస్తాయి. మధ్యమధ్య ఎవరో ఆడమనిషి అరుస్తున్నదనీ, కంప్యూటర్లో అది తీసేస్తే నిద్ర ఇంకా బాగా పడుతుందనీ సలహా ఇచ్చాడు. ఆ ఆడమనిషి ఎదురుగానే కూర్చున్నదని అతనికి తట్టలేదు. సోమలింగానికి తీసినా ఉంచినా ఒకటే.

"ఉండనీ బిడ్డా," అన్నది వజ్రమ్మ. "ఎంత పండుకున్నా, లేపనీకి ఒకరుండాలె గద."

అప్పుడే పాట పైస్థాయికి ఎక్కింది. నిద్రలోనే మొండయ్య మొహం చిట్లించి, కుర్చీలోనే అటు తిరిగాడు.

ఇన్నేళ్లలో వజ్రమ్మకు దొరికిన మొదటి శ్రోత అతనే. ఆమె మాస్కు పైకి లాక్కుని, తృప్తిగా వెనక్కి వాలింది.