పాటకు రెండో వరుస

బి నుంచి మొదలుపెట్టి వై దాకా వచ్చేసరికి వీరరాఘవన్ గడ్డం సగమే గీసుకున్నాడు. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మీద నురగ ఎండిపోతోంది. బ్రష్‌ని మగ్గులో ముంచి మళ్లీ నురగ రాసుకుంటూ, అక్షరాలు కూడా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. బెల్ప్. అలాంటి మాట లేదు. డెల్ప్. లేదు. గెల్ప్, జెల్ప్, మెల్ప్. ఇంత పెద్ద ఇంగ్లీషు భాషలో హెల్ప్ అనే ఒక్క మాట పక్కన ప్రాసగా నిలబడడానికి మంచి మాట ఒక్కటీ లేకుండా పోయింది.

గడ్డం గీసుకోవాలంటే ఆయన నడుము వంచాలి. అద్దం మేకు భార్య తన ఎత్తుకు కొట్టుకుంది. ఆమె పొట్టి మనిషి. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆ మేకును పైకి జరపాలని ఆయనకు తోచలేదు. వంగడం ఆయనకు కొత్త కూడా కాదు. నటేశన్ నగర్‌లో ఒక చిన్న నర్సరీ బడిలో ఏళ్ల తరబడి ఎల్.కె.జి. పిల్లలకు పాటలు నేర్పుతున్నాడు. మూడడుగుల మనుషులతో మాట్లాడి మాట్లాడి మెడా వీపూ కలిసి ముందుకు వాలిపోయాయి. బి.ఏ. ఇంగ్లీషు చదివినవాడు ఏ ఆఫీసులోనో ఉండవలసిందని బంధువులు కొన్నాళ్లు అన్నారు, తర్వాత వాళ్లకే విసుగొచ్చి మానేశారు. బడిలో ఆయన పేరు రైమ్స్ సార్.

ఆ రోజు బడి ఆయా కన్నియమ్మాళ్‌కి ఆఖరి రోజు. కారైకాల్‌లో ఉన్న చెల్లెలు జారిపడి మంచం పట్టింది. చూసుకునే దిక్కు లేక కన్నియమ్మాళ్ అక్కడికే వెళ్లిపోతోంది. సాయంత్రం బడి వదిలే ముందు ఆమెకు శాలువ కప్పాలని, పిల్లలందరూ ఒక కొత్త పాట పాడాలని, అప్పటిదాకా ఆమెకు తెలియనివ్వకూడదని బడి యజమానురాలు మహాలక్ష్మి మేడం నిర్ణయించింది. ఉత్సాహం పట్టలేక మొదటి వరుస తానే కట్టి వారం కిందటే పిల్లలకు నేర్పేసింది. ఎవ్రీ డే యు కేమ్ టు హెల్ప్. రోజూ మాకు సాయపడడానికి వచ్చావు అని. రెండో వరుస సార్ వేస్తారు అని చేతులు దులుపుకుంది. ఒకసారి పిల్లల నోటికెక్కిన వరుసను ఇక దేవుడు కూడా మార్చలేడు.

పిల్లల పాటలో వరుసల చివర్లు నిండుగా కలవాలని వీరరాఘవన్ పట్టుదల. క్యాట్‌కి మ్యాట్ వస్తే తలుపు మూసి గడియ పడ్డట్టు ఉంటుంది. క్యాట్‌కి క్యాప్ వస్తే తలుపు దగ్గరకు చేరుతుంది గానీ గడియ పడదు. ఇన్నేళ్లలో గడియ పడని పాటను ఆయన ఒక్క పిల్లవాడికీ నేర్పలేదు. కన్నియమ్మాళ్ పాటకు అసలే నేర్పదలచుకోలేదు.

ముదలియార్‌పేటలో టెంపో ఎక్కి కూర్చున్నాక కూడా ఆయన పెదవులు ఊరుకోలేదు. యెల్ప్ అని ఒకటుంది. కుక్కపిల్ల కుయ్యిమనడం. వెల్ప్ అన్నా కుక్కపిల్లే. కెల్ప్ అంటే సముద్రంలో పెరిగే నాచు అని డిక్షనరీలో ఉంది. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఆ మాట ఎవరి నోటా ఆయన వినలేదు. రెండు కుక్కలూ ఒక నాచూ. వాటిలో దేన్ని తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాలి?

పక్కన చేపల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ ఆయన నోటినే చూస్తూ కొంచెం జరిగింది.

"వాంతి వచ్చేట్టుంటే ఇటు అంచుకు వచ్చేయండయ్యా. నా బుట్టలో మాత్రం వద్దు," అంది తమిళంలో.

ఆయన సిగ్గుపడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు గానీ, నిజంగానే బుట్ట ఎత్తుకుని లేచి తన చోటు ఇచ్చేసింది. అంచున కూర్చుంటే గాలి చల్లగా మొహానికి తగిలింది. అడక్కుండా దొరికిన గాలి. దిగేదాకా ఆయన దాన్ని అనుభవించాడు. మాట మాత్రం దొరకలేదు.

గేటు దగ్గర కన్నియమ్మాళ్ రోజూలాగే వచ్చిన పిల్లలను వచ్చినట్టు ఆపి, చొక్కాల మీద చేతిరుమాళ్లకు పిన్నులు పెడుతోంది. సన్నటి నల్లటి మనిషి. ఒకవైపు దవడ పళ్లు ఊడి ఆ బుగ్గ లోపలికి పోయింది. నడుము దగ్గర చీరలో ఒక స్టీలు చెంచా దోపుకుని ఉంటుంది. పిల్లల నోట్లోకి పక్కనుంచి పోయేట్టు దాని కాడను ఆమే రాతికి ఆనించి వంచుకుంది.

"ఏంది సార్, చెవి కింద సగం అట్లనే వదిలిపెట్టేసినారు? ఎవురన్నా తరుముకొని వచ్చిరా?"

ఆయన చెయ్యి చెవి కిందికి పోయింది. గరుకుగా తగిలింది. "ఏదో యోచనలో ఉంటినక్కా."

"ఊరు వదిలి పోయేది నేను. నిద్ర రానిది నాకు. మీకేంది యోచన? మీరు యాడికి పోతా ఉండారు?"

లోపల గదిలో పిల్లలు ఒక్క గొంతుగా, ఎవ్రీ డే యు కేమ్ టు హెల్ప్, అని అరిచి టక్కున ఆగిపోయారు.

"ఇదొకటి," అంది ఆమె పిన్ను పళ్ల మధ్య పెట్టుకుని. "వారంగా ఇట్లనే సగంలో నిలిపేస్తా ఉండారు. వినీ వినీ నాకు రాత్రిళ్లు కూడా అదే వినిపిస్తా ఉంది. మిగతాది ఎప్పుడు చెప్తారు సార్?"

"ఈ దినం చెప్తా."

"నేను పొయ్యేలోపల చెప్పండి. లేకుంటే కారైకాల్ దాకా సగం పాటతోనే పోవాల."

ఆ బడిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు వాళ్లిద్దరే. తాతల నాడు వచ్చిన తెలుగు, ఇద్దరికీ చదవను రాదు, రాయను రాదు. పిల్లలతో తమిళం, మేడంతో ఇంగ్లీషు కలిపిన తమిళం, ఒకరితో ఒకరు ఇది. భార్య పోయాక ఆయన తెలుగు ఈ గేటు దగ్గరే మొదలై ఈ గేటు దగ్గరే ముగుస్తోంది.

భార్య కర్మలు ముగించుకుని బడికి వచ్చిన మొదటి రోజు ఆయన క్లాసులో నిలబడి నోరు తెరిచాడు. పాట రాలేదు. పిల్లలు ఎదురు చూస్తున్నారు. ఆయన మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. అప్పుడు వసారాలో నేల తుడుస్తున్న కన్నియమ్మాళ్ తడిగుడ్డ చేత్తో పట్టుకునే ఆయన పాటను తప్పుల తడకగా ఎత్తుకుంది. పిల్లలు అందుకున్నారు. రెండో పాటకు ఆయన గొంతు కూడా అందులో కలిసింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇన్నేళ్లుగా ఎత్తని ఆ మాటను ఇవాళ ఈ ఒక్క వరుసలో చెప్పేయాలని ఆయన తాపత్రయం. సాయంత్రం దాటితే ఇక చెప్పడానికి మనిషి ఉండదు.

పొద్దుటి క్లాసుల్లో ఆయన ఒకచోట నిలవలేదు. చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. దాహం లేకున్నా కుండ దగ్గరికి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. బోర్డు మీద ఏనుగు బొమ్మ వేసి తొండం పెట్టడం మరిచిపోతే ఆర్తి అనే పిల్ల లేచి వచ్చి, "ముక్కేది సార్?" అని అడిగింది. ఆర్తి ఏ అన్నాన్నీ తేలిగ్గా మింగని పిల్ల. కన్నియమ్మాళ్ పెడితేనే, అదీ పాట పాడితేనే తింటుంది.

మేడం తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "లైన్ రెడీయా సార్?"

"మధ్యాహ్నానికి అయిపోతుంది మేడం."

"ఏదో ఒకటి వేసేయండి. ఆయమ్మకు ఇంగ్లీషు ఏం తెలుసు?"

ఆమె చెడ్డగా అనలేదు, ఆయన హైరానా చూడలేక అంది. ఆయన తల ఊపాడు. కానీ ఆ మాటతో లోపల ఇంకా గాభరా పుట్టింది. కన్నియమ్మాళ్‌కి తెలియదు కాబట్టే ఏదో ఒకటి ఇవ్వకూడదు.

మధ్యాహ్నం వసారాలో చాపలు పరిచారు. పిల్లలు కాళ్లు చాపుకుని వరుసగా కూర్చున్నారు. చివర తన స్టూలు మీద కన్నియమ్మాళ్. కొత్త పాట ఏదైనా మొదట పరీక్షకు వచ్చేది ఇక్కడికే. వరుస పాడుతూ చెంచా కలుపుతుంది, వరుస చివర రెండు మాటలూ కలిసిన చోట పిల్లల నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, చెంచా లోపలికి పోతుంది. పాటలో ఏదన్నా తేడా ఉంటే నోరు మూసుకునే ఉంటుంది. అప్పుడామె, వాయి తెరవలా సార్, అని పాటను వాపసు చేస్తుంది. నోటిని వాయి అనడం ఆమెకు తమిళంలో నుంచి వచ్చిన అలవాటు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి దిద్దుకొచ్చేవాడు. ఇవాళ పాట ఆమె మీదే. అయినా ఇంకెక్కడ పరీక్షించాలో ఆయనకు తెలియలేదు.

"రెండో వరుస ఇదిగో అక్కా," అని పాడి వినిపించాడు. వెన్ ద పప్పీ గేవ్ ఎ యెల్ప్. కుక్కపిల్ల కుయ్యిమన్నప్పుడు. హెల్ప్‌కి యెల్ప్. గడియ గట్టిగానే పడింది.

కన్నియమ్మాళ్ రెండు వరుసలూ కలిపి పాడింది. యెల్ప్ దగ్గరికి రాగానే పిల్లలంతా నోళ్లు తెరిచారు. తెరిచి, కుయ్, కుయ్, అని మొరిగారు. ఆర్తి మోకాళ్ల మీద లేచి పక్కపిల్ల డబ్బాలో మొహం పెట్టింది. పెరుగన్నం చాప మీదికీ, కన్నియమ్మాళ్ చీర మీదికీ చిమ్మింది.

"ఈ పాట వద్దు సార్! అందురూ కుక్కలైపోయిరి!" ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. కానీ పనికొస్తుందనుకున్న ఒక్క నిండు మాటా పోయింది.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎత్తైన షెల్ఫ్. పిల్లల డబ్బాలన్నీ అక్కడే ఉంటాయి. పొద్దున ఎక్కించేది ఆమె, మధ్యాహ్నం దించేది ఆమె. మడమలు ఎత్తి, ఒక చెయ్యి గోడకు ఆనించి. ఒకరి డబ్బా ఒకరికి మారిన రోజు ఆయనకు గుర్తులేదు. షెల్ఫ్ అనే ఆ మాట కూడా పొద్దుటి నుంచి ఆయన నోటికి వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ వెనక్కి నెట్టాడు. హెల్ప్‌కి షెల్ఫ్ సరిపడదు. దగ్గరిది, అంతే. తలుపు చేరుతుంది, గడియ పడదు.

"అక్కా, ఇంకొకటుంది. అంత బాగలేదు." ఆయన గొంతు తగ్గించి పాడాడు. ఎవ్రీ డే యు కేమ్ టు హెల్ప్, అండ్ పుట్ అవర్ టిఫిన్స్ ఆన్ ద షెల్ఫ్. మా డబ్బాలు షెల్ఫ్ మీద పెట్టావు అని.

ఆమె అందుకుంది. హెల్ప్‌ని ఎల్పు అంది, షెల్ఫ్‌ని సెల్పు అంది. చెంచా గాలిలో నిలిచింది. షెల్ఫ్ దగ్గర ఆర్తి నోరు తెరుచుకుంది. పక్కపిల్ల నోరు, ఆ పక్కది. వరుసంతా. ఆమె మళ్లీ మళ్లీ అదే పాడింది. డబ్బాలు ఖాళీ అయ్యాయి.

"ఇది సరిగా ఉండాది," అని చెంచా కడుక్కోవడానికి లేచింది.

అన్నాలయ్యాక పిల్లలు అదే చాపల మీద నిద్రపోయారు. వసారాలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కన్నియమ్మాళ్ ఒక గుడ్డసంచితో స్టోరుగదిలో నుంచి బయటికి వచ్చింది. ఆయనను చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"ఇప్పుడేనా?" అన్నాడు ఆయన లేస్తూ. "సాయంత్రం మేడం శాలువ..."

"తెలుసు సార్. శాలువ కవరు మేజా మీదనే పెట్టేసి పొయినారు." ఆమె కళ్లు పిల్లల మీద ఉన్నాయి. "లేస్తే వదలరు. ఏడస్తారు. ఆ ఏడుపు విని నేను బస్సు ఎక్కలేను. నిద్రలో ఉండంగానే పోతా. శాలువ మేడమ్మే కప్పుకోమని చెప్పండి, ఏసీలో చలి కదా ఆయమ్మకు."

ఆయన సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఇద్దరూ గేటు దాకా చప్పుడు లేకుండా నడిచారు.

"ఆ పాట నీదే అక్కా," అన్నాడు ఆయన గేటు దగ్గర.

"ఏ పాట?"

"మధ్యాన్నం నువ్వు పాడింది. పిలకాయలు నీకోసం పాడాల్సింది."

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, పళ్లు లేని వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా పాట నేనే పాడుకొంటినా! చూడు కత."

"పూర్తిగా కలవలా. హెల్ప్‌కి సరైన మాట దొరకలా నాకు. నీకు ఇంకా మంచిది చెప్పాలని..." భార్య పోయాక బడికి వచ్చిన ఆ మొదటి రోజులాగే ఆయన నోరు తెరిచి ఉంది, మాట రాలేదు.

ఆమె ఎదురు చూడలేదు. "ఆర్తి మింగింది కదా సార్," అంది. "ఇంకేంది? చెవి కింద గీక్కోండి రేపు." సంచి చంకలో సర్దుకుని రోడ్డు దాటింది. టెంపో ఆగింది, కదిలింది. ఆయన గేటుకు గొళ్లెం పెట్టి వచ్చి, నిద్రపోతున్న పిల్లల దగ్గర ఆమె స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎప్పటివో తెలియని కళ్లనీళ్లు వచ్చాయి. పిల్లలు నిద్రలో ఉండడం ఎంత మంచిదైంది అనుకున్నాడు.

సాయంత్రం మేడం శాలువ పట్టుకుని వసారా అంతా తిరిగింది, కాసేపు కోప్పడింది, కాసేపు కళ్లు తుడుచుకుంది. ఆయమ్మ ఏదని పిల్లలు అడిగారు. ఊరికి వెళ్లిందని వీరరాఘవన్ తమిళంలో చెప్పాడు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు. నేర్చుకున్న పాట ఎందుకు పోవాలని మేడం వాళ్లను వరుసగా నిలబెట్టింది. ఆయన ముందు నిలబడి, అలవాటు ప్రకారం వంగి, చెయ్యి ఎత్తాడు.

ఎవ్రీ డే యు కేమ్ టు హెల్ప్. గొంతులు ఇవాళ అక్కడ ఆగలేదు. అండ్ పుట్ అవర్ టిఫిన్స్ ఆన్ ద షెల్ఫ్.

పాట ముగిసింది. అందరూ నోళ్లు మూసుకున్నారు. ఆర్తి ఒక్కతే నోరు తెరుచుకుని, తల కొంచెం పక్కకు వంచి అలాగే నిలబడింది.

ఆయన చెయ్యి దించడం మరిచిపోయి ఆ పిల్ల చూస్తున్న వైపు చూశాడు. ఖాళీ డబ్బాల పక్కన, షెల్ఫ్ అంచు మీద, కడిగి బోర్లించిన వంకర చెంచా ఉంది.