గొంతువాపు కాదు

ఒక్క మాటతో ఇరవై తొమ్మిది పందుల ప్రాణం మీదికి తెచ్చినవాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు వెంకటసుబ్బారావు. కత్తి పట్టలేదు, కర్ర పట్టలేదు. బాలశౌరి పెరట్లో చచ్చిపడివున్న పందిని సైకిలు దిగకుండానే చూసి, "గొంతువాపు" అన్నాడు. అని, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మాటకి అర్థం కృష్ణ కాలవల కింద గేదెలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. వానలు పడగానే వచ్చే రోగం గొంతువాపు. పొద్దున మేత మేసిన గేదె సాయంత్రానికి గురక పెడుతూ కూలిపోతుంది. అలాంటిది కాలవగట్టు పేటలో పందులకి పుట్టిందని తెలిశాక ఊరు ఊరుకుంటుందా? డెబ్బై మూడు ఆగస్టులో ఒక బుధవారం పంచాయతీ కూర్చుంది. ప్రెసిడెంటు వెంకటప్పయ్యగారు ఒకే ముక్కలో తేల్చేశారు. సోమవారం పొద్దుటికల్లా పందులన్నిటినీ కొట్టి పాతెయ్యాలి. బాలశౌరి కొట్టకపోతే ఊరే మనుషుల్ని పెట్టి కొట్టిస్తుంది.

బాలశౌరికి అప్పటికి నలభై ఆరేళ్లు. ఫాదర్ల బడిలో నాలుగో తరగతి సగంలో మానేసినవాడు. తండ్రి నాటి నుంచి పందులే వాళ్ల బతుకు. తండ్రి వదిలిన చేను చెక్క తిండిగింజలకే చాలదు. ముప్ఫై ఎనిమిదింట్లో అప్పటికే తొమ్మిది పోయాయి. మిగిలిన ఇరవై తొమ్మిదీ పోతే పేట వదిలి కూలికి వలస పోవడమే.

పంచాయతీ అరుగు కిందే నిలబడి అడిగాడు.

"సారూ, గొంతువాపంటే గొంతు వాయాలి గదండీ. వీటికి చెవులు నల్లబడతన్నాయి, నడుం తూలిపోతంది. గొంతు శుభ్రంగా ఉందండి."

"నువ్వు డాక్టరువా, నేను డాక్టర్నా?" అన్నాడు వెంకటసుబ్బారావు.

"మీరూ కాదు గదండీ. కాంపౌండరు గదా తమరు."

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. వెంకటసుబ్బారావు ముఖం ఎర్రబడింది. ఇక ఆ నోటితో వేరే మాట చెప్పించడం దేవుడి తరం కూడా కాదని బాలశౌరికి తెలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి భార్య అమలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"మా తమ్ముడి దగ్గరికి పోవయ్యా," అంది.

ఆమె తమ్ముడు మరియదాసు బెజవాడలో, భవానీపురం వైపు, పశువుల రోగాలు పరీక్షచేసే లాబరేటరీలో అటెండరు. అక్కడ ఒక డాక్టరమ్మ ఉందనీ, చుక్క నెత్తురు చూసి రోగం పేరు చెబుతుందనీ ఎప్పుడూ గొప్పగా చెప్పేవాడు.

గురువారం తెల్లవారుతూనే జబ్బు పడ్డ పంది చెవి నరానికి గాటు పెట్టి నెత్తురు పట్టారు. అమలమ్మ దాన్ని హార్లిక్సు సీసాలో పోసి మూత బిగించింది. బాలశౌరి సీసాని తువ్వాల్లో చుట్టి, ఉయ్యూరులో బస్సెక్కి, బెజవాడ దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కాయన తేనేమో అనుకుని ధర అడిగాడు.

డాక్టరమ్మ పేరు శివపార్వతి. ముప్ఫై ఏళ్లుంటాయి, మాట తక్కువ మనిషి. గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి, చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక అడిగింది.

"ఇందులో ఏం కలిపారు?"

"ఉప్పండి. మా ఆడమనిషి గుప్పెడేసింది."

"ఎందుకూ?"

"గడ్డ కట్టకుండా. ఎప్పుడూ ఏస్తాం గదండీ."

"ఎప్పుడూ అంటే?"

బాలశౌరి నేల చూశాడు. "నెత్తురు వేపుడు చేసేటప్పుడండి."

శివపార్వతి నవ్వాపుకోలేకపోయింది. మరియదాసు బావ తరఫున సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు.

"కణాలన్నీ ఉప్పులో వేసిన మాగాయ ముక్కల్లా ముడుచుకుపోయాయి. లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు," అంటూ ఆవిడ మూడు చిన్న గాజుగొట్టాలు తీసింది. అడుగున చిటికెడు తెల్లపొడి ఉంది. "గడ్డ కట్టకుండా ఈ పొడి చూసుకుంటుంది. జబ్బుపడ్డదాని నెత్తురొకటి, బాగున్నదానిదొకటి. మీ దగ్గర ఈ రోగం వచ్చి బతికిన పంది ఏదైనా ఉందా?"

"ఉందండి, రాణి. రెండేళ్ల కిందట ఇలాంటిదే వచ్చి, ఇది మాత్రం బతికింది. చెవుల చివర్లు రాలిపోయాయి. ఇప్పుడు చచ్చే పందుల మధ్యనే పడుకుంటది, దానికేం కావట్లేదు."

ఆవిడ మొదటిసారి అతన్ని తేరిపార చూసింది. "దానిదీ తీసుకురండి. శనివారం మధ్యాహ్నం లోపల."

శనివారం వాన. కాగితం మీద పేరు రాస్తే తడిసిపోతుందని బాలశౌరి గొట్టాలకి దారాలు కట్టాడు. జబ్బుదానికి నల్లదారం, బాగున్నదానికి తెల్లదారం, రాణికి ఎర్రదారం. ఈసారి అమలమ్మని వంటింట్లోంచి బయటికి రానివ్వలేదు.

"ఉప్పు డబ్బా కూడా దాచమంటావా?" అంది లోపల్నుంచి.

శివపార్వతి ఒక్కో నెత్తురూ చుక్క చుక్కగా చూస్తూ చేతిలో ఉన్న మీట నొక్కుతూ లెక్కపెట్టింది. ఆ టిక్కుటిక్కు తప్ప గదిలో చప్పుడు లేదు. బాలశౌరి గుమ్మం అవతల నిలబడి ఆ టిక్కులు వింటున్నాడు. తెల్లదారానికి చాలాసేపు వినబడ్డాయి. నల్లదారానికి ఇలా మొదలై అలా ఆగిపోయాయి.

"లోపలికి రండి," అంది ఆవిడ. "నెత్తుట్లో తెల్లకణాలని ఉంటాయి. రోగంతో పోట్లాడేవి అవే. బాగున్నదానికి పదిహేడు వేలున్నాయి. జబ్బుదానికి నాలుగు వేలు కూడా లేవు."

"అంటే చెడ్డదే గదండీ?"

"ఆ పందికి చెడ్డదే. మిగతావాటికి మంచిది. గొంతువాపు సూక్ష్మజీవి ఉంటే నెత్తుట్లో కనబడాలి, ఒక్కటీ లేదు. పైగా అలాంటి రోగాల్లో తెల్లకణాలు మామూలుగా పెరుగుతాయి, ఊళ్లో దొంగలు పడితే జనం పోగయినట్టు. ఇక్కడ పోగవ్వాల్సినవాళ్లే లేరు. పందుల జ్వరం తెచ్చే వైరసుకి ఆ గుణం ఉంది. ముందు తెల్లకణాల్లోనే దూరి, వాటినే పడగొడుతుంది."

బాలశౌరి ఆలోచించాడు. "తలారిని కొట్టి ఊరు దోచుకున్నట్టన్నమాట."

"అంతే. ఇది పందుల్ని తప్ప దేన్నీ ముట్టుకోదు. గేదెకి రాదు, మనిషికి రాదు."

"మరి రాణి?"

"పదహారు వేలున్నాయి. ఒకసారి వచ్చిన శత్రువు ముఖం దాని కణాలకి గుర్తుంది. మళ్లీ వస్తే గడపలోనే పట్టుకుంటాయి."

"అయితే నాకంటే అదే ఎక్కువ చదువుకుందండీ," అన్నాడు బాలశౌరి.

బాగున్నవాటికి ఆ చదువే టీకాతో చెప్పించవచ్చంది ఆవిడ. బలం తీసేసిన వైరసునే ఎక్కిస్తారు, కణాలు దాని ముఖం చూసి నేర్చుకుంటాయి. టీకా ఐసులో తెప్పిస్తుంది. కానీ నేర్చుకోవడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులే కాదు, ఇక మీదట కూడా పందులు బయట తిరిగి పరాయి మందతో కలవకూడదు. గోడ కట్టి, తొట్టి పెట్టి, దొడ్లో మేపాలి. రోగం సంగతితో పాటు ఆ మాట కూడా కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది.

సోమవారం పొద్దున పంచాయతీ అరుగు దగ్గర నలుగురు కర్రలతో సిద్ధంగా ఉన్నారు. బాలశౌరి కాగితాన్ని వెంకటప్పయ్యగారి చేతికిచ్చాడు. ఆయన తిప్పి చూసి, ఇంగ్లీషు కావడంతో పక్కనున్న వెంకటసుబ్బారావుకి అందించారు.

"చదువు సుబ్బారావూ."

కాంపౌండరు గొణిగినట్టుగా ఇంగ్లీషులో గడగడా చదివేసి కాగితం మడిచాడు.

"తెలుగులో చెప్పండి సారూ," అన్నాడు బాలశౌరి.

"అదే... రక్తపరీక్ష చేశారు."

"చేసి?"

వెంకటసుబ్బారావు గొంతు సవరించుకున్నాడు. "ఇది గొంతువాపు కాదు."

పదకొండు గేదెల ఆసామి వెంకటరత్నమ్మ అరుగు చివర కూర్చుని ఉంది. ఆవిడకి చెవి కొంచెం మందం.

"ఏంటీ? గట్టిగా చెప్పు నాయనా."

"గొంతువాపు కాదండీ."

"మా గేదెలకి రాదా?"

"రాదండీ."

"మనుషులకి?"

"రాదండీ."

"మరి వస్తదని మొన్న చెప్పింది ఎవరూ?"

అరుగంతా నవ్వు. కర్రలు పట్టుకున్న నలుగురూ నవ్వారు. బాలశౌరి నవ్వలేదు. అయిదు రోజులుగా అతను కోరుకున్నది ఆ నోటితోనే ఆ మాట వినడం, అది కూడా పదిమందిలో. రెండుసార్లు విన్నాడు. మూడోసారి కూడా వినాలని ఉంది గానీ, ఆ పని వెంకటరత్నమ్మ చూసుకునేటట్టే ఉంది.

వెంకటప్పయ్యగారు కాగితంలో చివరి మాట కూడా చెప్పించుకున్నారు. "సరే. చంపొద్దు. కానీ డాక్టరమ్మ రాసినట్టు గోడ కట్టి దొడ్లో పెట్టాలి. కట్టేదాకా ఒక్క పందీ గడప దాటకూడదు," అన్నారు. బాలశౌరి ఒప్పుకున్నాడు.

జబ్బున పడ్డ మూడూ ఆ వారంలోనే పోయాయి. మిగిలిన ఇరవై ఆరింటికీ శివపార్వతి తనే వచ్చి టీకా వేసింది. వెంకటసుబ్బారావు ఐసు పెట్టె పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. పది రోజులు బాలశౌరి కంటిమీద కునుకు లేకుండా ప్రతి పంది చెవీ తడిమి చూశాడు. పదిహేనో రోజున కాలవ అవతలి పేటలో రోగం విరుచుకుపడింది. అక్కడ ఏసుపాదం పందులు అరవైకి పైగా పోయాయి. ఇవతల ఒక్క పంది కూడా మేత మానలేదు. పొద్దున్నే తొట్టి దగ్గర ఇరవై ఆరూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చేసే గోల రోడ్డు దాకా వినబడేది. చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం వచ్చి చూసిపోయారు. ఏసుపాదం కూడా వచ్చి గోడ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏం పెట్టావు బాలశౌరీ వీటికి?"

"చదువు చెప్పించాను," అన్నాడు బాలశౌరి.

కార్తీకానికి మూడు పందులు ఈనాయి. ఇరవై రెండు పిల్లలు, ఒక్కటీ పోలేదు. అమలమ్మ గుణదల మాత దగ్గరికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. బాలశౌరి వెళ్లలేదు. గోడకి సున్నం కొడుతూ ఉండిపోయాడు.

గోడ బాగా వచ్చింది. నడుం ఎత్తు ఇటుక గోడ, సిమెంటు తొట్టి, పైన తాటాకు. దానికోసం తండ్రి ఇచ్చిన చేను అమ్మాడు. కొన్నది వెంకటప్పయ్యగారే. కాలవ కింద, తూము పక్కన, పద్దెనిమిది సెంట్ల మాగాణి.