నాయన ఫోనులో మేళం

ఆదివారం ఊరికి పోయినప్పుడు చేయాల్సిన పనులు:

ఒకటి. నాయన ఫోనుకు తగులుకున్న పాటను తీసేయించాలి.

రెండు. రోజూ పొద్దున్నే వచ్చే రాశిఫలాల మెసేజీలు ఆపించాలి.

మూడు. ఇంటర్నెట్టు మూయించాలి. మళ్లీ తెరుచుకోకుండా మూయించాలి.

నాలుగు. బటన్లకు లాకు వేయడం నాయనకు నేర్పాలి. అమ్మకు కూడా నేర్పాలి, నాయన మరిచిపోతాడు.

ఐదు. నాయన మీద అరవకూడదు.

నవీన ఈ పట్టీని శనివారం సాయంత్రం, ఏడో తరగతి లెక్కల నోటుబుక్కులు దిద్దుతూ, అదే ఎర్ర పెన్నుతో రాసుకుంది. ఐదో దాని కింద రెండు గీతలు గీసింది. తన కోపం సంగతి తనకు తెలుసు.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. నవీన తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆ ఊళ్లోనే కొర్లగుంటలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. ఆమె నాయన గోవిందస్వామిది పాకాల దగ్గర ఒక పల్లె. రెండెకరాల చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేను, ఒక బోరు, ఇంటి వెనక నాలుగు మామిడి చెట్లు. మొదటి జీతంతో నవీన ఆయనకు ఒక చిన్న ఫోను కొనిచ్చింది. "నాకెందుకు మే ఇది" అన్నాడు గానీ, ఆ రోజు నుంచి చొక్కా లేకుండా చేనుకు పోవడం మానేశాడు. జేబు లేకపోతే ఫోను యాడ పెట్టుకునేది?

అప్పట్లో నిమిషానికింత అని పోయేది కాబట్టి, అందరి ఇళ్లలో ఉన్నట్టే వీళ్లకూ ఒక మిస్డ్ కాల్ ఒప్పందం ఉండేది. సాయంత్రం ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే, 'హాస్టలుకు చేరినాను, బాగున్నాను' అని. రెండు రింగులైతే, 'రేపు ఊరికి వస్తున్నా'. మూడు రింగులైతే, 'మాట్లాడాలి, నువ్వే చెయ్యి'. మూడు రింగులు ఊరికే ఇవ్వకూడదు. రెండేళ్లలో నవీన ఒక్కసారే ఇచ్చింది, టైఫాయిడ్ వచ్చినప్పుడు. రోజూ ఏడు గంటలకు ఆమె ఇక్కడ ఒక రింగు లెక్కపెట్టి పెట్టేసేది. అక్కడ గోవిందస్వామి ఒక రింగు విని, "చేరిందంట" అని భార్య దేవకమ్మతో చెప్పి, అప్పుడు సంగటి ముందర కూర్చునేవాడు.

మూడు వారాల కిందట ఈ ఒప్పందం చెడింది. నవీన ఎప్పటిలాగే ఫోను చేస్తే, రింగుకు బదులు నాదస్వరం వినిపించింది. డోలు కూడా ఉంది, పెళ్లిపందిట్లో మోగినట్టు. ఆమె తప్పు నంబరనుకుని పెట్టేసి మళ్లీ చేసింది. మళ్లీ మేళమే. ఆ పాట ఇటు చేసినవాళ్లకు మాత్రమే వినిపిస్తుంది, అటు నాయన జేబులో ఫోను మామూలుగానే కిర్రుమంటుంది. అయితే ఎన్ని రింగులు మోగాయో ఈమెకు తెలిసేదెట్లా? చేతి గడియారంలో సెకన్లు లెక్కపెట్టి పెట్టేసేది. లైను ఒకరోజు వెంటనే కలిసేది, ఒకరోజు నాన్చి నాన్చి కలిసేది. ఒక రింగనుకున్నది ఒక్కోసారి అసలు మోగేదే కాదు, ఒక్కోసారి రెండయ్యేది. రెండు మోగిన మర్నాడు దేవకమ్మ కూతురికని కోడిని కోయించి, సాయంత్రం దాకా ఎదురు చూసింది.

అంతటితో పోతే సరిపోయేది. పోయిన బుధవారం, నవీన ఒక్కటే అనుకుని ఇచ్చినది గోవిందస్వామికి మూడయింది. ఆయన వెంటనే తిరిగి చేయబోతే ఫోనులో బ్యాలెన్సు లేదు. జేబులో రాసుకుని రాసుకుని మధ్య బటను నొక్కుకుపోయి, ఇంటర్నెట్టు దానంతట అది తెరుచుకుని, ఉన్నదంతా తినేసింది. ఆ రోజు ఆయన ఇంకా చేలోనే ఉన్నాడు. మోటారు కూడా ఆపకుండా రోడ్డు మీదికి వచ్చి తిరుపతి బస్సెక్కాడు.

తొమ్మిదిన్నరకు హాస్టలు వార్డెన్ నిర్మలమ్మ మెట్ల కింద నుంచి కేకేసింది. "నవీనా! మీ నాయన గేటు కాడ నిలబడుండాడు. లోపలికి రమ్మంటే రాడు, కూర్చోమంటే కూర్చోడు. కాళ్లకు బురద గూడా ఆరలే."

నవీన తల దువ్వుకుంటూ ఉన్నది ఉన్నట్టే పరిగెత్తింది. గోవిందస్వామి చేతిలో ఒక స్టీలు చెంబు, దానికి గుడ్డ కట్టి ఉంది. దారిలో పాకాల బస్టాండు పక్కన తెలిసినవాళ్ల ఇంట్లో కాయించుకుని తెచ్చిన మిరియాల కషాయం. జ్వరమనుకున్నాడు మరి.

"ఏమైంది తల్లీ?"

"ఏమీ కాలేదు నాయనా. నేను ఒక్క రింగే కదా ఇచ్చింది!"

ఆయన కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. గేటు చువ్వలు పట్టుకుని ఒక నిమిషం ఊరికే ఊపిరి పీల్చుకున్నాడు. "ఏమీ కాలేదంటే సాలు. అదే కావాల్సింది" అని నవ్వాడు. కషాయం వృథా ఎందుకని నిర్మలమ్మకు ఇచ్చి తాగమన్నాడు. ఆమెకు నిజంగానే దగ్గుంది.

చివరి బస్సు ఎక్కేముందు ఆయన ఒక మాటన్నాడు. "ఇంకమీద మూడొచ్చినా కంగారు పడన్లే. ఫోను చెడిపొయ్యిందని అనుకుంటా. నువ్వేం దిగులు పెట్టుకోవాకు."

ఆయన ఆమెను ఊరడించడానికే అన్నాడు. కానీ నవీనకు ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించలేదు. రేపు నిజంగానే మూడు రింగులు ఇవ్వాల్సిన రోజు వస్తే? అప్పుడు ఆయన చెనిక్కాయ చేలో నిలబడి, ఫోను చెడిపోయిందిలే అనుకుంటే? ఆ పట్టీ రాసుకున్నది అందుకే.

ఆదివారం పొద్దున ఆమె ప్యాసింజరు రైల్లో పాకాలలో దిగింది. గోవిందస్వామి సైకిలుతో స్టేషనుకు వచ్చి ఉన్నాడు. దారి పొడుగునా ఆమె వెనక సీటు మీద కూర్చుని ఉపన్యాసం ఇచ్చింది.

"బటన్లకు లాకు ఎందుకు వెయ్యవు నాయనా?"

"తాళమేస్తే నీ ఫోను లోపలికి యాడొస్తాది మే?"

"లాకేసినా ఫోనొస్తుంది. అది బటన్లకే."

"అట్లనా? మన ఇంటికి తాళమేసి పోతే సుట్టాలు తిరిగిపోతారు గదా, అట్లనుకున్నా."

నవీన ఐదో పని గుర్తు చేసుకుని నోరు మూసుకుంది.

వాళ్ల ఊళ్లో రింగు ఎక్కడైనా అందుతుంది గానీ, మాట తెగకుండా వినబడేది మిద్దె మీద, నీళ్ల తొట్టి పక్కన, అదీ తూర్పుకు తిరిగి నిలబడితేనే. తండ్రీ కూతురూ అక్కడ నిలబడ్డారు. దేవకమ్మ ఎండు మిరపకాయలు తిరగేస్తూ పక్కనే కూర్చుంది. నవీన నాయన ఫోను నుంచే కస్టమర్ కేర్‌కు చేసింది. రికార్డు గొంతు తెలుగుకు ఒకటి నొక్కమంది, దేనికో మూడు నొక్కమంది, మళ్లీ మొదటికి రావడానికి తొమ్మిది నొక్కమంది. అరగంట అయ్యాక ఒక అమ్మాయి గొంతు వినిపించింది.

"నమస్కారం, నేను శ్రీరంజని. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

నవీన చెప్పింది. కనెక్షను ఎవరి పేరున ఉందో ఆయనే మాట్లాడాలని శ్రీరంజని అంది. నవీన స్పీకరు పెట్టింది.

"మీ పుట్టిన తేదీ చెప్పండి సార్."

గోవిందస్వామి ఆకాశం వంక చూశాడు. "తేదీ తెల్దు తల్లీ. మా చెరువు తెగిన సంవత్సరం అని మాయమ్మ సెప్పేది."

"జనవరి ఒకటి అని చెప్పు" అని నవీన చెవిలో గొణిగింది. ఫారంలో ఆమె రాసింది అదే.

"జనవరి ఒకటంట."

శ్రీరంజని నవ్వు ఆపుకున్నట్టు తెలిసింది. "సరే సార్. ఇంటర్నెట్ ఆపేస్తున్నాను, రేపటిలోగా పూర్తిగా ఆగిపోతుంది. రాశిఫలాలు కూడా తీసేశాను. కాలర్ ట్యూన్ కూడా తీసేయాలా?"

"తీసేయండి" అంది నవీన. "దాన్ని మేము అడగనే లేదు. ఏదో బటను తగిలి వచ్చేసింది."

"లేదు మేడం. సార్ మా నంబరుకు ఫోన్ చేసి, వరసగా పాటలు విని, స్టార్ నొక్కి ఎంచుకున్నారు. ఇక్కడ కనిపిస్తోంది."

నవీన నాయన వైపు తిరిగింది. గోవిందస్వామి తొట్టిలోని నీళ్లను చూస్తున్నాడు.

"నేనే పెట్టించినా మే" అన్నాడు.

దేవకమ్మ మిరపకాయలు వదిలేసి లేచింది. "ఏమయ్యా, మూడు వారాల నుంచి పిల్ల పాట పాట అని తల కొట్టుకుంటాంటే, నోట్లో ముద్ద ఉండినట్టు కూర్చుంటివే! నా కోడి గూడా పాయె!"

"ఎందుకు పెట్టించినావు నాయనా?" నవీన గొంతు లేవబోయి తగ్గింది.

ఆయన చెప్పడానికి సిగ్గుపడ్డాడు. తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "పెండ్లికి మేళం పెడతారు. చెవులు కుడితే పెడతారు. నువ్వు డిగ్రీ పాసయి వచ్చిన దినం పాకాల స్టేషను కాడ మేళం పెట్టించల్లని నాకు శానా ఉన్నింది. పరీక్ష పాసయితే మేళమేందిరా అని ఊరంతా నవ్వతారని ఊరకుండిపోతి. ఆ బాధ అట్లే ఉండిపొయ్యింది. మొన్న ఫోనులో ఒకామె, 'మీకు ఫోను చేసేవాళ్లకు ఇష్టమైన పాట వినిపించండి' అనె. నాకు ఫోను చేసేది ఎవురు? నువ్వే గదా. రోజూ నీకు మేళం మోగుతాదని పెట్టించినా. రింగులు వినపడవని నాకేం తెలుసు?"

ఫోనులో చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నారు.

"ఉన్నాను సార్, లైన్లోనే ఉన్నాను" అంది శ్రీరంజని మెల్లగా. "మీరు మాట్లాడుకోండి. తొందర లేదు."

"ఉండనీలే నాయనా" అంది నవీన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాట ఉండనీ. మనం ఇంకేదో ఒప్పందం పెట్టుకుందాం."

"వద్దు." గోవిందస్వామి తల అడ్డంగా ఊపాడు. "బుధవారం బస్సులో కూర్చోని తిరుపతి దాకా నేను ఎట్ల వచ్చినానో నాకే తెలుసు. ఇంకోసారి ఆ బాధ నాకొద్దు. అదిగాక, మూడొచ్చినా నమ్మను అని నీతో అంటినే, ఆ మాట అన్నాక నాకే భయమేసింది. మేళం పోతే పోనీ. రింగు ఉండాల. తీసెయ్ తల్లీ, శ్రీరంజనమ్మా."

"సార్, మీ కూతురు ఇంకొక్కసారి వింటారేమో. ఒక నంబరు చెప్తాను, దానికి స్టాప్ అని మెసేజీ పంపితే మీరే తీసేసుకోవచ్చు. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు." నంబరు రెండుసార్లు చదివి చెప్పి, ఆమె ఫోను పెట్టేసింది.

నవీనకు అప్పుడు తట్టింది. "నాయనా, నువ్వు పెట్టించినాక ఈ పాటను ఒక్కసారైనా విన్నావా?"

"నా ఫోనుకు నేనెట్ల చేసుకునేది మే?"

ఆమె తన ఫోను నుంచి ఆయన నంబరు నొక్కి ఆయన చెవికి పెట్టింది. గోవిందస్వామి కళ్లు పెద్దవయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను కిర్రుమంది.

"ఉండుండు, నాకు ఎవురో చేస్తాండారు!" అని ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఎత్తొద్దు నాయనా! అది నేనే!"

దేవకమ్మ నవ్వి నవ్వి తొట్టి అంచున కూలబడింది. గోవిందస్వామి జేబు మీద చెయ్యి అదిమి పెట్టుకుని, చెవిలో మేళం విన్నాడు. ఆయన తల డోలుకు తగ్గట్టు ఊగింది. దానంతట అది ఆగిపోతే, "ఇంకొకసారి" అన్నాడు. రెండోసారి సగం విని భార్య చెవికి పెట్టాడు. ఆమె చేతులు మిరపకాయల కారంతో ఉన్నాయని ఆయనే పట్టుకున్నాడు.

"బాగుండాది" అంది దేవకమ్మ. "స్టేషను కాడ పెట్టించి ఉంటే ఊరోళ్లు నవ్వితే నవ్వేవాళ్లు. పెట్టించాల్సింది."

తర్వాత నవీన స్టాప్ అని అక్షరాలు కొట్టింది. పంపే బటను గోవిందస్వామి తానే నొక్కాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన లాకు వేసి తీసి, వేసి తీసి, పదిసార్లు సరిగ్గా చేసి చూపించాడు. దేవకమ్మ ఒక్కసారికే నేర్చుకుంది.

సాయంత్రం రైలు దిగి హాస్టలుకు చేరేసరికి ఏడు దాటింది. నవీన బ్యాగు కూడా దించకుండా మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత పాత రింగు. ఒక్కటి. ఆమె పెట్టేసింది.

పట్టీ తీసి మొదటి నాలుగింటికీ టిక్కు పెట్టింది. ఐదో దాని దగ్గర పెన్ను ఆగింది. అరిచిందా, లేదా అని ఆమె ఆలోచిస్తూ ఉండగా చేతిలో ఫోను మోగింది. నాయన నంబరు. ఒక్క రింగు. ఆగిపోయింది.

అటు నుంచి రింగు రావడం వాళ్ల ఒప్పందంలో ఎన్నడూ లేదు. దానికి అర్థమేమిటో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి రోజూ అటొకటి, ఇటొకటి.

ఇప్పుడు రింగులు ఎంచి మాట్లాడుకునే అవసరం ఎవరికీ లేదు. అయినా మీ ఫోను ఎప్పుడైనా ఒక్కసారి మోగి ఆగిపోతే, ఎవరురా ఇది అని విసుక్కోబోయే ముందు, కూతురి చదువుకు పెట్టించలేకపోయిన మేళాన్ని ఆమె చెవిలో మూడు వారాలు మోగించి, ఆమె కోసమే తన వేలితో ఆపేసుకున్న పాకాల పక్క పల్లె గోవిందస్వామిని ఒక్కసారి తలుచుకోండి.